పేరున్న ఊరికి పక్క ఊరు: తక్కువ ధరలో మంచి ఫ్రెంచ్ రెడ్ వైన్ కొనడం ఎలా

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీకాయల వేలం జరిగేటప్పుడు ముప్పై ఏళ్లుగా ఒక సంగతి గమనిస్తున్నాను. పేరుబడ్డ తోట కాయ అంటే చాలు, వ్యాపారులు పాట పెంచుకుంటూ పోతారు. గట్టుకు అవతల, అదే ఎర్రనేలలో పండిన కాయకు ఆ పాట రాదు. కోసి తింటే రెండింటికీ తేడా చెప్పలేం.

మా అమ్మాయి ఫ్రాన్స్‌లోని మాంపెల్లియేలో ఉద్యోగం చేస్తోంది. నేనూ నా భార్యా రెండుసార్లు వెళ్లి ఐదు నెలలు ఉండి వచ్చాం. అక్కడి ద్రాక్షతోటల్లో తిరిగాక, ఫ్రెంచ్ వైన్‌కు మనం ఇచ్చే డబ్బులో చాలా భాగం ఊరి పేరుకే పోతుందని అర్థమైంది. అందుకే కొత్తగా కొనేవారికి నేను చెప్పేది ఇదే: పేరున్న ఊరేదో తెలుసుకోండి, దాని పక్క ఊరి సీసా కొనండి.

ఫ్రెంచ్ సీసాపై ద్రాక్ష రకం పేరు చాలాసార్లు ఉండదు. ఊరి పేరో, ప్రాంతం పేరో ఉంటుంది. దానికి తోడు 'అపెలాసియోన్' అనే మాట కనిపిస్తే, ఆ పేరుకు చట్టం ఉందని అర్థం. 1935లో మొదలైన ఈ పద్ధతిలో ఏ హద్దుల్లో పండాలో, ఏ రకాలు వేయాలో, దిగుబడి ఎంతకు మించకూడదో రాసి ఉంటుంది. దిగుబడి పెంచమనే మాటలు వింటూ పెరిగిన రైతుని నేను. పెంచకూడదనే చట్టం చూసి ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

ఇప్పుడు పక్క ఊళ్ల సంగతి. రోన్ నది లోయలో షాతోనఫ్ దు పాప్ అనే ఊరు ఉంది. చాలా తోటల్లో మట్టి కనిపించకుండా గుండ్రటి గులకరాళ్లు పరిచి ఉంటాయి. దాని వైన్ చాలా ఖరీదు. అక్కడికి దగ్గరలోనే వాకెరాస్, కెరాన్ అనే ఊళ్లు ఉన్నాయి. ప్రధానంగా అదే గ్రెనాష్ ద్రాక్ష, అదే ఎండ, అదే గాలి. ధర మాత్రం బాగా తక్కువ. ఇంకా తగ్గాలంటే 'కోట్ దు రోన్ విలాజ్' అని రాసిన సీసా చూడండి. నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, పేరున్న సెంటెమిలియోన్ ఊరికి ఆనుకునే కాస్తియోన్ ఉంది. మెర్లో ద్రాక్ష రెండుచోట్లా ముఖ్యం. 1855 నాటి వర్గీకరణలో (మేటి తోటల జాబితాలో) చేరిన బోర్డో తోటల జోలికి తక్కువ బడ్జెట్‌తో వెళ్లవద్దు. బర్గండీ అనే ప్రాంతం కూడా అంతే ఖరీదు. దాని దక్షిణాన ఉన్న బోజోలేకు దిగండి. అక్కడ ద్రాక్ష వేరు, గామే. మోర్గోన్, ఫ్లూరీ, బ్రూయీ లాంటి పది చోట్ల వైన్‌ను ఆ చోటు పేరుతోనే అమ్ముతారు. లేబుల్‌పై బోజోలే అన్న మాట పెద్దగా కనిపించదు కాబట్టి, ఆ చోట్ల పేర్లు తెలిసినవారికే అది దొరుకుతుంది.

నా మనసు మాత్రం లాంగ్‌డాక్ దగ్గరే ఉంది. మాంపెల్లియే చుట్టూ ఉన్న ప్రాంతం అది. ఫోజేర్ అనే ఊళ్లో ఒక తోటలోకి వెళ్తే కాలికింద పలకలు పలకలుగా విడిపోయే రాయి. తాడిపత్రి నాపరాళ్ల గనుల పక్కన నడుస్తున్నట్టే ఉంది. పందిరి లేదు, కట్టిన వైర్లు లేవు. మోకాలెత్తు పొదలా కత్తిరించిన ముసలి మొక్కలు. అవి తన తాత నాటిన కారిన్యాన్ రకం ద్రాక్ష మొక్కలని ఆ రైతు చెప్పాడు. నీరు అందక వేరు రాతి పగుళ్లలోకి దిగిపోతుంది. గుత్తులు కొన్నే వస్తాయి, పండు చిన్నదవుతుంది. పండు చిన్నదైతే రసం తక్కువ, తొక్క ఎక్కువ. రెడ్ వైన్ రంగూ వగరూ ఎక్కువగా ఆ తొక్కలోవే. పూత కోసం చీనీ చెట్లను బెట్టకు వదిలే మనకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏటా 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మనది. ఎండిన నేల ఇచ్చే పంట రుచి మనకు తెలుసు. ఫోజేర్, సెంట్ షినియాన్, కోర్బియేర్, మినర్వా: ఈ నాలుగు పేర్లలో ఏది కనిపించినా ముందు దాన్ని తీసుకోండి. ఫ్రాన్స్‌లో ఇలాంటి మంచి సీసాలు పది యూరోల లోపే కొన్నాం.

లేబుల్‌పై కొన్ని మాటలకు బరువు లేదు. 'రెజెర్వ్', 'వియే వీన్యే' (ముసలి మొక్కలు) అన్నవాటికి అక్కడ చట్టపరమైన కొలత లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. 'మిజాన్ బుతేయ్ ఓ దొమేన్' అని ఉంటే మాత్రం ఆ తోటలోనే సీసాలో పోశారని అర్థం. నేను ఆ మాట కోసం వెతుకుతాను. ఈ ధరలో వైన్‌ను ఏళ్లతరబడి దాచిపెట్టే పని ఉండదు. లేబుల్‌పై ఉన్న ఏడాది నుంచి రెండు నుంచి నాలుగేళ్లలోపు తాగేయాలి.

మన ఊళ్లో ఇవి దొరకడం అరుదు. బెంగళూరులోని పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి, అయితే దిగుమతి సుంకం, రాష్ట్ర పన్ను కలిసి ధర అక్కడికన్నా కొన్ని రెట్లు అవుతుంది. విదేశం నుంచి వచ్చేవారు 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తేవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. రాష్ట్ర సరిహద్దు దాటించే ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోండి.

కొనేటప్పుడు ధరకన్నా ముందు సీసా ఎక్కడ నిలబడి ఉందో చూడండి. ఒకసారి ఒక దుకాణంలో అద్దం వెనుక, ఎండ పడేచోట నిలబెట్టిన బోర్డో సీసా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే బిరడా సీసా అంచుకన్నా పైకి లేచి ఉంది. వేడికి వైన్ వ్యాకోచించి దాన్ని నెట్టింది. పోస్తే ఉడికించిన జామ్ వాసన. ఆ డబ్బు పోయింది. అప్పటి నుంచి మెడ దగ్గర కారిన మరక ఉన్నా, బిరడా ఉబ్బినా ముట్టను. మే నెలలో సీసాను కారులో ఒక్క గంట కూడా వదలను. బిరడా తీయగానే తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది వేరే జబ్బు, బిరడా నుంచి వచ్చేది. ఎంత మంచి తోటదైనా అది తాగడానికి పనికిరాదు.

రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలని చదివి మోసపోకండి. ఆ మాట చలిదేశపు గదుల గురించి పుట్టింది, వాళ్ల లెక్క 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో మన హాలు 35 దాటుతుంది. ఆ వేడిలో వైన్ నుంచి స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేమీ రాదు. దాదాపు రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. గామే అయితే ఇంకాసేపు. కరెంటు లేకపోతే తడిగుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెట్టండి, కూజా నీళ్లు చల్లబడే పద్ధతే.

గ్లాసులో మూడోవంతుకు మించి పోయకండి. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. మొదటి గుక్కను నోటిలో కాసేపు ఉంచండి. చిగుళ్లు పట్టేసినట్టయితే అది వగరు. నేరేడు పండు తిన్నాక నాలుకకు పట్టేది, వేరుశనగ గింజ ఎర్రపొట్టు నమిలితే తెలిసేది ఇదే. దవడల్లో నీరూరితే అది పులుపు. ఈ రెండూ తెలిస్తే చాలు, తర్వాతి సీసా ఎంచుకునేటప్పుడు దుకాణదారుకు మీకు కావలసింది చెప్పగలరు.

వగరు ఎక్కువున్న వైన్‌కూ మన కారానికీ పడదు. నా భార్య చేసిన నాటుకోడి పులుసు, రాగిసంగటితో ఒకసారి మాదిరాన్ అనే ఊరి వైన్ తెరిచాం. ఆ తన్నా ద్రాక్ష వగరు మామూలుది కాదు. కారం రెట్టింపై నోరు మండిపోయింది, కోడి రుచీ తెలియలేదు. మరుసటి వారం అదే పులుసుకు చల్లటి బ్రూయీ పెట్టాం. వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ. ముద్దకూ ముద్దకూ మధ్య నోరు సేదతీరింది. మిరియాలు వేసి ఎండువేపుడుగా చేసిన మటన్‌కు ఫోజేర్ లాంటిది కుదురుతుంది. గోంగూర పక్కన ఏ రెడ్ వైనూ చప్పబడుతుంది. ఏమీ వండకపోతే వేయించిన వేరుశనగ బుడ్డలు చాలు.

సీసాకు 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వస్తాయి. మా ఇంట్లో ఆ రాత్రికి చెరొక గ్లాసు, అంతే. బిరడా తిప్పి బిగించి ఫ్రిజ్‌లో నిలబెడతాం. లాంగ్‌డాక్ వైన్ రెండోరోజు మరింత మెత్తబడి, నాకు మొదటిరోజు కన్నా ఎక్కువ నచ్చుతుంది. నాలుగోరోజుకూ కొంచెం మిగిలితే, ఆదివారం మటన్ ఉడికేటప్పుడు నా భార్య దాన్ని కుక్కర్‌లో పోసేస్తుంది.