టింపనీ ‘దబ్’ మంటోందా? మణికట్టును తర్వాత తిడుదురు గాని

టింపనీ అంటే పెద్ద గిన్నె మీద తోలు బిగించి, కోరిన స్వరానికి శ్రుతి చేసి వాయించే డ్రమ్ము. “మాలెట్లు (తలకు ఫెల్టు చుట్టిన కర్రలు) మార్చాను, పట్టు మార్చాను, అయినా మోగట్లేదు” అని వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఎక్కడ కొడుతున్నారు? పదిమందిలో ఏడెనిమిదిమంది అక్కడే దొరికిపోతారు. పెడల్ (కాలితో తొక్కి తోలు బిగువు, స్వరం మార్చేది), ట్యూనింగ్ మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

దబ్‌మని ఆగిపోతుంది, స్వరం తేలదు

నడిమధ్యన కొడుతున్నారు. డోలో, డప్పో, డ్రమ్‌సెట్టో వాయించి వచ్చినవాళ్ల చెయ్యి తెలియకుండానే నడిమికి పోతుంది. అక్కడ కొడితే తోలు మొత్తం ఒక్కసారిగా కిందికీ పైకీ ఊగి, ఉన్న శక్తినంతా గాలికి ఇచ్చేసి చప్పున చల్లారిపోతుంది. (ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే వేస్తున్నారు, అయినా నాకు తోలు అనే అలవాటు.) మనకు వినిపించే స్వరం, తోలు సగం పైకి లేస్తే మిగతా సగం కిందికి దిగే కదలికది. ఆ కదలికకు నడిమి చోటు నిశ్చలం. మృదంగం మీద కరణి (నడిమి నల్ల ముద్ద) పైస్వరాలకు ఒకదానితో ఒకటి పొంతన కుదురుస్తుందని భౌతిక శాస్త్రవేత్త సి.వి. రామన్ 1920లోనే రాశారు. టింపనీకి కరణి లేదు, తోలుతో పాటు ఊగే గాలి బరువే చాలావరకు ఆ పని చేస్తుంది.

26 అంగుళాల వ్యాసం ఉన్న డ్రమ్ముకు అంచు నుంచి సుమారు 3 అంగుళాలు, 32కి 4 అంగుళాలు లోపల కొట్టండి. రెండు చేతులూ అంచుకు ఒకే దూరంలో ఉండాలి. గట్టిగా వాయించేటప్పుడు చేతులు మెల్లగా లోపలికి జారతాయి. నమ్మకపోతే చాక్‌పీసుతో చిన్న చుక్క పెట్టి చూసుకోండి.

దెబ్బ తగలగానే ‘టక్’ మంటుంది

పిడికిలి బిగిసింది, లేదా ఫెల్టు అతుకు తోలుకు తగులుతోంది. అతుకు పక్కకు వచ్చేలా మాలెట్ తిప్పి పట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య మాత్రమే పట్టుకుని కర్రను పడనివ్వండి. దానంతటదే లేస్తుంది. దాన్ని అడ్డుకోకపోవడమే మీ పని. రోల్ (రెండు చేతులతో ఆగకుండా కొట్టే వరుస దెబ్బలు) మరీ గలగలమంటుంటే వేగం తగ్గించండి, కింది స్వరాల్లో ఇంకా తగ్గించండి.

సరైన చోటే కొట్టినా ‘వంయ్... వంయ్...’ మని అలలుగా ఊగుతుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక స్కూల్ బ్యాండ్ పిల్లాడికి మూడు నెలలు మణికట్టు సరిచేశాను. పట్టు మార్పించాను, స్టూలు ఎత్తు మార్పించాను. వాడి మొహం రోజురోజుకీ చిన్నబోయింది. ఆడలేక మద్దెల ఓడన్నాడని వాణ్ని ఆటపట్టించాను కూడా. తీరా చూస్తే మద్దెల నిజంగానే ఓడు! రిహార్సల్ లేనప్పుడు ఆ డ్రమ్ముల మీద సంచులు, పుస్తకాలు పేర్చేవారు. తోలును బిగించే చుట్టూ ఉన్న రాడ్ల బిగువు ఒకదానికొకటి పొంతన లేదు.

బిగువు ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ ఉంటే ఒకే స్వరం రెండుగా చీలుతుంది. రెండూ దగ్గర దగ్గరగా ఉండి ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. ఆ అలలు వాటివే. కొట్టే చోటును బట్టి అలలు తగ్గుతాయి, పెరుగుతాయి. అందుకే తప్పు చేతిదే అనిపిస్తుంది.

తేల్చుకోవడానికి డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణం చేయండి. అంచుకు అదే దూరంలో, అదే బలంతో, ప్రతి రాడ్ దగ్గరా ఒక్క దెబ్బ. నిలబడ్డ చోటును బట్టి ధ్వని మారుతుంటే చేతిని వదిలేయండి, తప్పు తోలుది.

సరిచేయడానికి ముందు పెడల్‌ను డ్రమ్ము పరిధికి మధ్యలో ఉంచండి. 26 అంగుళాలదానికి ‘డి’ స్వరం, 29దానికి ‘ఎ’ స్వరం అయితే బాగుంటుంది. తోలు నడిమధ్య ఒక వేలు తేలిగ్గా ఆనించి, ప్రతి రాడ్ దగ్గరా మెల్లగా తట్టి వినండి. ఎక్కువ రాడ్లు ఒప్పుకుంటున్న స్వరమేదో పట్టుకుని, తేడాగా ఉన్న రాడ్‌ను మాత్రమే ముట్టుకోండి. తిప్పేది పావు చుట్టుకు లోపే. ఎదురుగా ఉన్న రాడ్ కూడా వెంటనే వినాలి, ఒకటి కదిపితే అదీ కదులుతుంది. ప్రతి మార్పు తర్వాత పెడల్ కిందికీ పైకీ ఒకసారి ఆడించి మళ్లీ వినండి. చెవి అలసిపోతే ఆపేయండి. అలసిన చెవితో తిప్పి ఉన్నదాన్నీ పాడుచేసిన రోజులు నాకున్నాయి.

మిగతావి

గిన్నె అడుగు రంధ్రం మూసుకుపోయిందేమోనని అడుగుతారు. దానివల్ల ధ్వనిలో తేడా దాదాపు ఉండదు. వదిలేయండి. దెబ్బ తర్వాత స్వరం జారిపోతే పెడల్ స్ప్రింగు బిగువు చూడండి. తోలుకు సొట్ట పడితే మార్చడమే.

కొత్త తోలు వేశాక మర్నాడు మళ్లీ ఒకసారి ప్రదక్షిణం చేయండి, సాగుతుంది. ఆ సంచులు మాత్రం ఇంకెక్కడైనా పెట్టుకోమనండి.