నల్లగొండ, పాలమూరు డాబాల మీద ఫ్రీ డిష్‌కు గురి కుదిర్చే పద్ధతి

3 నుంచి 30 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న రేడియో తరంగాలను సూపర్ హై ఫ్రీక్వెన్సీ అంటారు. సెల్ టవర్ల మీది గుండ్రటి డ్రమ్ములు ఒకదానితో ఒకటి మాట్లాడేది వీటితోనే. షాద్‌నగర్‌లో ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) యాంటెన్నాలు ఉపగ్రహ చిత్రాలను అందుకునేది కూడా 8 గిగాహెర్ట్జ్ దగ్గర, ఈ పట్టీలోనే. దూరదర్శన్ వాళ్ల ఉచిత టీవీ సేవ డీడీ ఫ్రీ డిష్ 11 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది. అక్కడ అల పొడవు సుమారు 2.6 సెంటీమీటర్లు. అల అంత పొట్టిది కాబట్టే 60 సెంటీమీటర్ల డిష్ సరిపోతుంది. కానీ ఆ డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలే. నడిమి నుంచి ఒకటిన్నర డిగ్రీ తప్పితే సిగ్నల్ సగమైపోతుంది.

ఫ్రీ డిష్ చానళ్లు మోసే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉంటుంది. నల్లగొండ నుంచి చూస్తే దాని దిక్కు ఉత్తరం నుంచి 139 డిగ్రీలు, ఎత్తు 64 డిగ్రీలు. మహబూబ్‌నగర్ నుంచి దిక్కు 136, ఎత్తు 63.5. మధ్యలో ఉన్న దేవరకొండ, కల్వకుర్తి వాళ్లు ఈ రెంటి నడుమ అంకె పెట్టుకోవచ్చు. అంటే ఆగ్నేయం వైపు, బాగా నెత్తిమీదికి.

ఈ ఎత్తు వల్లే మన దగ్గర చాలామంది పొరపాటు పడతారు. సిగ్నల్ రాకపోతే డిష్‌ను ఎడమకూ కుడికీ తిప్పుతూ కూర్చుంటారు. ఉపగ్రహం అంత పైన ఉన్నప్పుడు, పైపు చుట్టూ 1 డిగ్రీ తిప్పితే అసలు గురి కదిలేది అర డిగ్రీ కూడా కాదు. అదే పైకీ కిందికీ వంచితే 1 డిగ్రీకి పూర్తిగా 1 డిగ్రీ మారుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ పై అంచు అర సెంటీమీటరు కదిలితే చాలు, డిగ్రీ మారినట్టే. అందుకని ముందు వంపు కుదిర్చాలి, దిక్కు తర్వాత వెతకాలి.

వంపు కుదరాలంటే పైపు నిలువుగా ఉండాలి. మీటరు పైపు కొన దగ్గర 2 సెంటీమీటర్లు వాలినా ఒక డిగ్రీకి పైగా పోయినట్టే, బ్రాకెట్ మీది అంకెలన్నీ అబద్ధం చెబుతాయి. స్పిరిట్ లెవల్‌ను పైపుకు రెండు వైపులా, ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూడండి. స్లాబు మీద గానీ గట్టి పిట్టగోడకు గానీ యాంకర్ బోల్టులతో బిగించండి. రేకుల కప్పు మీద పెట్టొద్దు. ఎండాకాలపు గాలిదుమారానికి రేకు ఊగితే డిష్ కూడా ఊగుతుంది.

మన డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు చేతి కొనన ఉండి సిగ్నల్‌ను పట్టే భాగం, కింది వైపు నుంచి చూస్తుంది కాబట్టి డిష్ ముఖం అసలు గురికంటే 22 నుంచి 26 డిగ్రీలు నిటారుగా కనబడుతుంది. మొహాన్ని 64 డిగ్రీలకు వాల్చితే తప్పు. నిలువు నుంచి సుమారు 40 డిగ్రీలు వెనక్కి వాలితే సరి. బ్రాకెట్ మీద స్కేలు ఉంటే ఈ తేడాను అందులో ముందే కలిపి ఉంటారు, నేరుగా 64 పెట్టండి.

దిక్కు కోసం ఫోన్ కంపాస్ చాలు. డిష్‌కూ స్లాబు చువ్వలకూ దూరంగా, రెండు మూడు మీటర్ల అవతల నిలబడి చూడండి. ఇనుము దగ్గర ముల్లు పక్కకు పోతుంది.

ఎల్‌ఎన్‌బీని కూడా మెలిపెట్టాలి. డిష్ వెనక నిలబడి చూస్తే, కేబుల్ మూతి నిట్టనిలువుగా కిందికి ఉన్న స్థితి నుంచి అపసవ్యంగా దాదాపు 39 డిగ్రీలు తిప్పితే లెక్కకు దగ్గరవుతుంది. అక్కడ మొదలుపెట్టి, చివరి మాట టీవీ తెర మీద కనబడే క్వాలిటీ గీతకే వదలండి.

ఇప్పుడు టీవీని గానీ చిన్న ఫైండర్ మీటర్‌ను గానీ డాబా మీదికే తెచ్చుకోండి. కింద ఒకరు అరుస్తూ పైన ఒకరు తిప్పితే ఆలస్యానికి గురి దాటిపోతుంది. సెట్‌టాప్ బాక్స్ మెనూలో ఎల్‌ఎన్‌బీని యూనివర్సల్‌గా, 9750, 10600గా పెట్టండి. చూడాల్సింది స్ట్రెంగ్త్ గీతను కాదు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే ఆకాశంలోని రొదకే స్ట్రెంగ్త్ నిండుతుంది. క్వాలిటీ లేస్తేనే అసలు ఉపగ్రహం. స్ట్రెంగ్త్ నిండుగా, క్వాలిటీ సున్నాగా ఉంటే పక్క ఉపగ్రహం మీద పడి ఉండొచ్చు. 95 డిగ్రీల దగ్గర వేరే డీటీహెచ్ ఉపగ్రహాలు ఉన్నాయి, దూరం ఒకటిన్నర డిగ్రీ మాత్రమే.

డిష్‌ను 120 నుంచి 155 డిగ్రీల దాకా చాలా మెల్లగా తిప్పండి. కొంచెం జరిపి, రెండు మూడు సెకన్లు ఆగండి, బాక్స్ పట్టుకోవడానికి అంత సమయం కావాలి. దొరక్కపోతే వంపు ఒక డిగ్రీ మార్చి మళ్లీ మొదటి నుంచి. క్వాలిటీ కనబడ్డాక గరిష్ఠం కోసం ఊహించొద్దు. ఎడమకు జరిపి క్వాలిటీ పడిపోయిన చోట పైపు మీద గీత గీయండి, కుడికి జరిపి అక్కడా గీయండి, రెంటి నట్టనడుమ ఆపండి. వంపుకూ ఇలాగే చేయండి. పానాతో నట్లు ఒక్కోటి కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగించండి. ఒకదాన్నే ఒక్కసారి బిగిస్తే డిష్ మెలితిరిగి కష్టమంతా పోతుంది.

కేబుల్ ఆర్‌జీ-6 వాడండి, 30 మీటర్లు దాటనివ్వకండి. కేబుల్ కొనకు ఎఫ్ కనెక్టర్ వేసేటప్పుడు పైపొర జాలీ దారం ఒక్కటి నడిమి రాగి తీగకు తగిలినా షార్టే. 13 లేదా 18 వోల్టులు ఎల్‌ఎన్‌బీకి చేరవు, బాక్స్ మీద తప్పు చూపిస్తుంది. కనెక్టర్ మీద జిగురు టేపు చుట్టి, కేబుల్‌ను ఒక మెలిక కిందికి వేలాడదీయండి. వాననీరు అక్కడే కారిపోతుంది.

జోరు వానలో బొమ్మ పోవడం తప్పు కాదు. ఈ ఫ్రీక్వెన్సీ శక్తిని వాన చినుకులు మింగేస్తాయి. 90 సెంటీమీటర్ల డిష్ వేస్తే పట్టే వైశాల్యం రెండింతలకు పైనే అవుతుంది, మామూలు వాన తట్టుకుంటుంది. వాన ఆగి గంటైనా బొమ్మ రాకపోతే కనెక్టర్ విప్పి చూడండి, లోపల నీళ్లు చేరి ఉంటాయి. పల్లెల్లో కోతుల బెడద ఉన్నచోట కేబుల్‌ను పైపులో దాచి, ఎల్‌ఎన్‌బీ చేతికి బిగింపు అదనంగా వేయండి. వేలాడే కేబుల్‌ను అవి వదలవు.

మార్చి రెండో వారంలో, సెప్టెంబర్ ఆఖరున ఉదయం 11 గంటల ప్రాంతంలో కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక ఉంటాడు. డిష్ జోలికి పోకండి. బదులుగా ఆ సమయంలో డిష్ మీద వేపకొమ్మ నీడ పడుతోందేమో చూడండి, పడితే ఆ కొమ్మే మీ సిగ్నల్‌కు అడ్డం.