టేకు చేపనీ, రోడెంట్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

"టేకు చేపలు" (ఇంగ్లిష్‌లో రే, ఒళ్లు బల్లపరుపుగా ఉండే చేపలు), "రోడెంట్లు" (ఎలుక, ఉడుత లాంటి కొరికే జంతువులు) అని రెండు కాలమ్స్ గీసి మొదలెట్టకండి. అవి వందల, వేల జాతులున్న గుంపులు, కాబట్టి అటొక జాతి, ఇటొక జాతి శాస్త్రీయ నామంతో సహా పట్టుకోండి. ఇక్కడ జెయింట్ మాంటా రే (మొబులా బైరోస్ట్రిస్) అనే టేకు చేపనీ, కాపిబారా (హైడ్రోకోరస్ హైడ్రోకేరిస్) అనే పెద్ద రోడెంట్‌నీ తీసుకుందాం. పాత పుస్తకాల్లో ఆ చేప మాంటా బైరోస్ట్రిస్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, రెండూ ఒకటే.

వర్గీకరణ పైనుంచి కిందికి చూస్తూ రండి. రెండూ జంతువులే, రెండూ కార్డేటా వర్గమే, రెండిటికీ వెన్నెముక ఉంది. దారులు విడిపోయేది తరగతి దగ్గర: మాంటా మృదులాస్థి చేపల్లోకి, కాపిబారా క్షీరదాల్లోకి. ఆ కింద మాంటాది మొబులిడే కుటుంబం, కాపిబారాది గినీ పిగ్‌లుండే కేవిడే. పేర్లు బట్టీ పట్టడం కంటే ఒంటిమీద గుర్తులు చూడటం మేలు. టేకు చేపకి మొప్పల చీలికలు పొట్టవైపు ఉంటాయి, అదే సొరచేపకైతే పక్కల ఉంటాయి. రోడెంట్‌కి ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోవాల్సిందే. మాంటా గుడ్లు పెట్టకుండా పిల్లనే కంటుంది కాబట్టి అదీ క్షీరదమే అనుకునేవాళ్లున్నారు, కానీ పుట్టిన పిల్లకి అది పాలివ్వదు, ఒంటిమీద వెంట్రుకా ఉండదు.

ఇక సంరక్షణ స్థితికి ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) రెడ్ లిస్ట్ చూడండి, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే జాబితా అది. మాంటా అందులో ఎన్‌డేంజర్డ్, అంటే అంతరించే ప్రమాదంలో ఉంది. కాపిబారా లీస్ట్ కన్సర్న్, ప్రస్తుతానికి ఢోకా లేదు. అసలు ఆసక్తికరమైన ప్రశ్న ఎందుకు అన్నది, చాలామంది దాన్నే వదిలేస్తారు. మాంటా ఏడాదికి పైగా మోసి మామూలుగా ఒక్క పిల్లనే కంటుంది, మళ్లీ కనడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా మొప్పల కోసం కొందరు వేటాడితే కొన్ని, ఇంకేదో చేపకి వేసిన వలలో ఇరుక్కుని మరికొన్ని పోతాయి. కాపిబారా ఐదు నెలలకే సగటున నాలుగు పిల్లల్ని పెడుతుంది, అందుకే మాంసానికీ తోలుకీ వేటాడుతున్నా చాలాచోట్ల నిలదొక్కుకుంది.

అలాగని రోడెంట్లన్నీ క్షేమం అని రాసేయకండి. ఆస్ట్రేలియాలో బ్రాంబుల్ కే మెలోమిస్ అనే చిన్న ఎలుక ఉండే దీవిని సముద్రపు నీరు పదేపదే ముంచెత్తింది, అది అంతరించిపోయిందని 2019లో ఆ దేశ ప్రభుత్వం ప్రకటించింది. 1862లో జకార్తా చేపల మార్కెట్లో దొరికిన ఒకే ఒక్క నమూనాతో తెలిసిన జావా స్టింగరీ అనే టేకు చేప కూడా 2023లో అంతరించిన జాబితాలో చేరింది.

"డేటా డెఫిషియంట్" అని కనిపిస్తే సమాచారం చాలలేదని అర్థం, దాన్ని సేఫ్ కింద వేయొద్దు. స్థితి పక్కన అంచనా వేసిన సంవత్సరం కూడా రాయండి, 2011లో మాంటా ఒక మెట్టు తక్కువ ప్రమాదంలో, వల్నరబుల్‌గా ఉండేది.