మీ తరగతిలో పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో తల్లిదండ్రులకు చెప్పడం ఎలా?

ప్రాథమిక పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం ఎలా జరుగుతుందో చూసినవారికి కొత్తగా వర్ణించనక్కరలేదు. కుర్చీలు వేస్తారు, ప్రధానోపాధ్యాయులు హాజరు గురించి అరగంట మాట్లాడతారు, చివరికి ప్రగతి పత్రాల మీద వరుసగా సంతకాలో వేలిముద్రలో తీసుకుంటారు. ఆ సాయంత్రం ఒక తల్లిని ఆపి "మీ అబ్బాయికి చదవడం వచ్చిందా అమ్మా?" అని అడిగితే "బి ప్లస్ వచ్చిందన్నారు" అని మాత్రమే చెప్పగలుగుతుంది. ఆ పిల్లవాడు గుణింతాల దగ్గర ఆగిపోయాడో, ఒత్తుల దగ్గర తడబడుతున్నాడో, కథ చదివి అర్థం చెప్పగలుగుతున్నాడో ఆ గ్రేడు చెప్పదు. తెలంగాణ బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే ఏడాది పొడవునా మధ్యమధ్య జరిపే ఎఫ్‌ఏకు ఉన్న 50 మార్కుల్లో లఘు పరీక్షకు 20 మాత్రమే. మిగిలిన 30 మార్కులు భాగస్వామ్యానికి, రాత పనికి, ప్రాజెక్టు పనికి పది చొప్పున పోతాయి. చూచిరాత చక్కగా రాసే పిల్లవాడు ఒక్క వాక్యం సొంతంగా చదవలేకపోయినా మంచి గ్రేడుతో బయటపడగలడు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, నేర్చుకోవడంలో సాధించిన ప్రగతి గురించి తెలియజేయడం ఉపాధ్యాయుల విధి అని స్పష్టంగా ఉంది. చట్టం అడిగింది సంతకం కాదు, తెలియజేయడం. ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న నేను ఈ పనిని ఎలా చేస్తానో కింద వివరిస్తున్నాను.

కావలసినవి

ఒక 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, ఒక పెన్ను, పిల్లల నోటుపుస్తకాలు, పెద్ద అక్షరాలతో చేత్తో రాసుకున్న ఒక చదివించే కాగితం ఉంటే చాలు. రంగురంగుల ఫైళ్లు, అట్టల మీద అంటించిన నక్షత్రాలు తనిఖీకి వచ్చే అధికారులకు ముచ్చటగా ఉంటాయి గాని తల్లిదండ్రులకు ఏమీ చెప్పవు.

మొదటి మెట్టు: జూన్‌లోనే వివరాలు రాసుకోవడం

నోటుబుక్కులో ఒక్కో పిల్లవాడికి ఎదురెదురు పుటలు రెండు కేటాయించాలి. పైన రెండు ఫోను నంబర్లు, సాయంత్రం పిల్లవాడి దగ్గర నిజంగా ఉండేది ఎవరు, ఇంట్లో మాట్లాడే భాష ఏమిటి, వారు ఇంటికి చేరే వేళ ఎప్పుడు అన్నవి రాసుకోవాలి. ప్రవేశ పత్రంలో తండ్రి నంబరు ఉంటుంది, కానీ పిల్లవాడి దగ్గర కూర్చునేది నాయనమ్మ అయి ఉంటుంది. తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంటి భాష లంబాడీ అని తెలియకపోతే, తెలుగులో మాటలు వెతుక్కోవడాన్ని చదువు రాకపోవడంగా పొరబడతాము. నాట్ల రోజుల్లోను, పత్తి, మిరప ఏరే రోజుల్లోను పగలు ఫోను చేయడం వృథా. రాత్రి 7 గంటలు దాటాక చేయాలి.

రెండవ మెట్టు: పదిహేను రోజులకు ఒకసారి చదివించి రాసుకోవడం

ఒక్కో పిల్లవాడికి రెండు నిమిషాలు చాలు. అక్షరాలు, గుణింత పదాలు, ఒత్తు పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ అనే వరుసలో ఎక్కడి వరకు వచ్చాడో చూసి, తేదీ వేసి, తడబడిన పదాన్ని అతను పలికినట్లే రాసుకోవాలి. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షిస్తూ 2005 నుంచి వెలువడుతున్న అసర్ సర్వేలు వాడే సాధనం కూడా అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అనే ఇలాంటి మెట్లతోనే ఉంటుంది, కాబట్టి ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. లెక్కల్లో ఒక్క లెక్క సరిపోతుంది: 52 లోంచి 27 తీసివేయమనాలి. పదుల స్థానం నుంచి అరువు తెచ్చుకోవడం వచ్చిందా లేదా అన్నది స్థాన విలువ గురించి ఆ పిల్లవాడికి తెలిసినదంతా బయటపెడుతుంది. 35 అని జవాబు రాశాడంటే అతను 7 లోంచి 2 తీశాడని అర్థం, ఆ 35 ను అలాగే నోటుబుక్కులో రాసుకోవాలి.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేనాటికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. ఆ 60 ఉపాధ్యాయుడి కోసం పెట్టిన అంకె. దాన్ని తల్లిదండ్రుల ముందు పెడితే వారు గడియారం పట్టుకుని పిల్లవాడి పక్కన కూర్చుంటారు, పిల్లవాడు అర్థం వదిలేసి పరుగెత్తుతాడు.

మూడవ మెట్టు: వాట్సాప్ గ్రూపును దాని స్థానంలో ఉంచడం

గ్రూపులో సెలవులు, యూనిఫారాలు, టీకాల తేదీలు తప్ప మరేమీ పెట్టకూడదు. అందమైన చేతిరాతల ఫొటోలు పెట్టి మెచ్చుకునే అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు. నలుగురి ఫొటోలు చూసిన మిగిలిన ఇరవై ఇళ్లలో ఆ రాత్రి ఏ మాటలు నడుస్తాయో పెట్టినవారు ఆలోచించరు. ఒక పిల్లవాడి చదువు గురించి చెప్పవలసినది వారి తల్లికి విడిగా, అరనిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపాలి. చదువుకోని తల్లికి టైపు చేసి పంపితే ఆమె దాన్ని పక్కింటివారితో చదివించుకుంటుంది, అప్పుడు అది విడిగా చెప్పినట్లు కాదు. డైరీలో రాసి పంపే పద్ధతిని కూడా నేను మానేశాను, ఎందుకంటే డైరీ ఎంత మంచి ఉద్దేశంతో మొదలైనా రెండు నెలల్లో ఫిర్యాదుల పుస్తకంగా మారిపోతుంది.

నాలుగవ మెట్టు: వెనుకబడిన పిల్లవాడి తల్లిదండ్రులతో మాట్లాడడం

ఇంతవరకు చెప్పినవి ఎవరైనా చేయగలరు. పని చెడేది ఇక్కడే, అందుకే తొందరపడకుండా చదవమని కోరుతున్నాను.

మొదట సమయం. తెలంగాణలో నెలలో మూడో శనివారం సమావేశం జరపాలని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా మెగా సమావేశాలు పెట్టారు. తల్లిదండ్రులు బడి గడప తొక్కడానికి ఇటువంటి రోజులు మంచివే. అయితే పది మంది వింటుండగా "మీవాడికి ఇంకా చదవడం రాలేదు" అని చెప్పడానికి అవి తగిన రోజులు కావు. అలాంటి కబురు ఉన్నవారిని ముందో వెనుకో మరో రోజు, బడి వదిలాక పిలవాలి. అదే వారంలో బాగా చదువుతున్న పిల్లల తల్లిదండ్రులనూ ఇద్దరు ముగ్గురిని పిలవాలి. లేకపోతే టీచర్ పిలిచిందంటే ఫిర్యాదేనని ఊరంతా స్థిరపరచుకుంటుంది.

తరువాత కూర్చునే తీరు. మధ్యలో బల్ల ఉండకూడదు. మనం కుర్చీలో, వారు నిలబడి ఉండడం మరీ తప్పు. పిల్లల బెంచీ మీద పక్కపక్కన కూర్చుని నోటుబుక్కు ఇద్దరికీ కనబడేలా పెట్టుకోవాలి.

అప్పుడు పిల్లవాణ్ణి పిలిచి, అతనికి తప్పకుండా వచ్చినది మొదట చదివించాలి. నేను ఈ నియమాన్ని ఎన్నడూ సడలించను. గుణింతాల వరకే వచ్చిన పిల్లవాడి చేత "కోడి", "పాలు", "మేక" చదివించాలి. తన కొడుకు నోటి వెంట చదువు వినడం చాలామంది తల్లులకు అదే మొదటిసారి అయి ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో వారు చూసేది రాయడమే గాని చదవడం కాదు. ఆ తరువాత ఒత్తు పదం ఒకటి చదివించాలి. "చెట్టు"ను "చెటు" అని, "పుస్తకం"ను "పుసకం" అని అతను చదివితే సరిదిద్దకూడదు. తల్లి ఆ తేడాను స్వయంగా విననివ్వాలి. అక్షరం ముక్క రానివారికైనా తమ భాషలో "చెటు" అనే మాట లేదని తెలుసు. ఏ ప్రగతి పత్రమూ చేయలేని పని ఆ ఒక్క పదం చేస్తుంది. ఇక పిల్లవాణ్ణి మెచ్చుకుని ఆడుకోవడానికి పంపేయాలి. వెనుకబాటు మాట అతని ముందు ఎత్తకూడదు.

ఇప్పుడు చెప్పవలసిన విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి: "అమ్మా, బాబుకు గుణింతాలు వచ్చాయి, ఒత్తులు రాలేదు, ఈపాటికి రావలసింది, అందుకే పిలిచాను." ఇంతకు మించి మెత్తబరచడానికి ప్రయత్నిస్తే విషయం జారిపోతుంది. "పరవాలేదండి, కొంచెం చూసుకోవాలి" అని విన్న తల్లి పరవాలేదన్న మాటనే ఇంటికి తీసుకుపోతుంది. మరోవైపు వీక్, డల్, మొద్దు, శ్రద్ధ లేదు, అక్కలా కాదు అన్న మాటలు నోట రాకూడదు. వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది "శ్రద్ధ లేదు" అన్నది, ఎందుకంటే ఇంటికి చేరేసరికి అది దెబ్బలుగా మారుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక తండ్రితో ఆ మాట అన్నాను. మర్నాడు ఆ పిల్లవాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చాడు, అది ఏప్రిల్ నెల. ఆ తరువాత కొన్ని వారాలపాటు అతను నా ముందు నోరు విప్పి ఒక్క పదం చదవలేదు. అతనికి లేనిది శ్రద్ధ కాదని, ఒత్తులు అతనికి ఎవరూ నిదానంగా నేర్పలేదని నాకు అర్థమయ్యేసరికి విద్యాసంవత్సరం ముగిసింది.

చెప్పాక ఆగాలి. మన వృత్తిలో ఉన్నవారికి మౌనం చేతకాదు. వెంటనే సలహాలు మొదలుపెడతాము. ఒక నిమిషం ఊరుకుంటే తల్లే మాట్లాడుతుంది, బడిలో మనకు తెలియని సంగతి తరచుగా అప్పుడే బయటికి వస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టని దగ్గు గురించో, నల్లబల్ల మీది అక్షరాలు కనబడవని ఇంట్లో చెప్పిన సంగతో, నెలరోజులు అమ్మమ్మ ఊళ్లో ఉండిపోవడమో ఏదో ఒకటి ఉంటుంది.

వారి నుంచి వచ్చే మాటలు సాధారణంగా నాలుగు. "మీరే నాలుగు దెబ్బలు వేయండి టీచర్" అంటే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని నిషేధించిందని చెప్పి ఊరుకోకుండా, భయపడ్డ పిల్లవాడు చదవడు, కంఠస్థం చేసి అప్పగిస్తాడని కూడా చెప్పాలి. "ట్యూషన్ పెట్టమంటారా?" అంటే వద్దని సూటిగా చెప్పాలి, రెండో తరగతి పిల్లవాడికి ఒత్తులు నేర్పడం నా పని, దానికి వారు మరొకరికి డబ్బు కట్టవలసిన అవసరం లేదు. "మనది ఇంగ్లీషు మీడియం కదా, తెలుగు ఒత్తులెందుకు?" అంటే గణితం పుస్తకం తెరిచి ఒక పుట తెలుగులో, ఎదురు పుట ఇంగ్లీషులో ఉండడం చూపించాలి. తనకు తెలిసిన భాషలో చదివి అర్థం చేసుకోవడం వచ్చిన పిల్లవాడికి రెండో పుట త్వరగా పట్టుబడుతుందన్నది నేను ఏటా చూస్తున్నదే.

నాలుగోది, అన్నిటికన్నా తరచుగా వినబడేది, "మాకు చదువు రాదు కదా, మేమేం చేస్తాము?" దీనికి "ఇంట్లో చదివించండి" అన్నది జవాబు కాదు, అది రానిదాన్ని మళ్లీ అడగడం. చేయగలిగిన పని ఒక్కటే, కొలతతో సహా చెప్పాలి. నేను చెప్పేది ఇది: రాత్రి వంట చేసేటప్పుడు పది నిమిషాలు పొయ్యి పక్కన కూర్చోబెట్టి పిల్లవాణ్ణి పైకి చదవమనాలి, చదివే పదం కింద వేలు పెట్టమనాలి, అయిపోయాక అందులో ఏముందో తన మాటల్లో చెప్పమనాలి. వినడానికి చదువు రానక్కరలేదు. చెప్పినదాంట్లో పొంతన లేదని ఏ తల్లికైనా తెలుస్తుంది. దీనితోపాటు మరో మూడు పనులు అప్పగించే ఉపాధ్యాయులు ఉన్నారు. అలా చేస్తే ఒక్కటీ జరగదు.

చివరగా బడిలో నేనేం చేస్తానో చెప్పాలి. ఉదాహరణకు, మధ్యాహ్న భోజనం తరువాత రోజూ పావుగంట ఒత్తు పదాలు చేయిస్తాను అని, మళ్లీ ఏ తేదీన మాట్లాడతానో వారి ఎదుటే నోటుబుక్కులో రాయాలి. సంతకం అవసరమైతే ఇదంతా అయ్యాకే అడగాలి. మొదటే సంతకం పెట్టించుకుంటే పని అయిపోయిందనుకుని వారు లేస్తారు.

ఐదవ మెట్టు: చెప్పిన తేదీకి ఫోను చేయడం

మూడు వారాలు సరైన గడువు. నెల దాటితే ఇంట్లో పది నిమిషాల అలవాటు పోతుంది, వారానికే చేస్తే చెప్పడానికి ఏమీ ఉండదు. ఫోనులో కూడా పదమే చెప్పాలి: "చెట్టు, కుక్క, అమ్మమ్మ వచ్చేశాయి, చంద్రుడు, పుస్తకం దగ్గర ఇంకా ఆగుతున్నాడు." ముందడుగు ఏమీ లేకపోయినా ఫోను మానకూడదు, లేదని చెప్పి పద్ధతి మారుస్తున్నానని చెప్పాలి. మిరప కోతలకు వలస వెళ్లిన కుటుంబమైతే ఆ ఫోనులోనే పిల్లవాడి చేత ఒక పేరా చదివించుకుని వింటాను.

ఏప్రిల్‌లో వేసవి సెలవులకు ముందు ఆ నోటుబుక్కును పై తరగతి టీచరు చేతికి ఇచ్చి, వెనుకబడిన పిల్లల పుటలకు మడత పెట్టి, ఏ తల్లికి ఏ వేళ ఫోను చేయాలో నోటితో కూడా చెప్పి రావాలి.