ఎనిమిది ట్రాక్‌లో కాలు కింద పెట్టకుండా తిరిగాను

మోటారు సైకిల్ లైసెన్సు పరీక్షలో నన్ను భయపెట్టింది ఎనిమిది ఆకారపు ట్రాక్ ఒక్కటే. మలుపులో వేగం తగ్గగానే బండి ఒరిగేది, కాలు నేలకు తగిలేది. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తరువాతే పరీక్ష కాబట్టి, ఈలోగా ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో ఎనిమిది గీసుకుని సాధన చేశాను.

చిక్కంతా క్లచ్ దగ్గరే ఉంది. మొదటి గేరులో క్లచ్‌ను సగం పట్టి, యాక్సిలరేటర్‌ను నిలకడగా ఉంచి, వేగాన్ని వెనుక బ్రేకుతోనే అదుపు చేయాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి అసలు వెళ్లకండి, బండి పడిపోతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు తిరిగాక వెళ్లాల్సిన చోట నిలపాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే!

పరీక్షకు హెల్మెట్, లెర్నర్ లైసెన్సు, బండి ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం తీసుకెళ్లండి.