పదిహేడేళ్లకే కిడ్నీలో రాయి: నా అనుభవం

ఒక రాత్రి కుడి నడుములో మొదలైన పోటు గజ్జల దాకా పాకింది. కూర్చోలేను, పడుకోలేను, రెండు వాంతులు. గ్యాస్ అనుకుని అమ్మ వాము నీళ్లిచ్చింది. తెల్లారాక స్కానింగ్‌లో తేలింది: మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయి. 5 లోపైతే చాలావరకు దానంతటదే పడిపోతుందట, నాది ఇరుక్కుంది.

మత్తిచ్చి, మూత్రమార్గం గుండా సన్నటి గొట్టం పంపి లేజర్‌తో పొడి చేశారు. కోత లేదు, కుట్టు లేదు. అసలు బాధ మూత్రం అడ్డు లేకుండా దిగడానికి మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ అనే మెత్తటి గొట్టంతోనే. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నడుములోకి లాగేది, కాస్త ఎర్రగా వచ్చేది. అది మామూలేనని ముందే చెప్పి ఉంటే నాన్నా నేనూ అంత టెన్షన్ పడేవాళ్లం కాదు. రెండు వారాలకు తీసేశారు.

కాలేజీ బాత్రూమ్‌కు వెళ్లలేక పగలంతా నీళ్లే తాగేవాణ్ణి కాదు. ఇప్పుడు లీటరు సీసా రోజుకు మూడుసార్లు నింపుతున్నాను. ఉప్పు ఎక్కువని ఆవకాయ తగ్గించాను.