పవర్ సప్లైకి కంప్యూటర్ నుంచి కమాండ్ పంపే ముందు

నల్గొండ, పాలమూరు వైపు కాలేజీ ల్యాబుల్లో ప్రాజెక్టు చేసే పిల్లల కోసం ఈ జాగ్రత్తలు.

– బోర్డు వైర్లు తీసెయ్యండి. మొదటి ప్రయత్నం ఖాళీ టెర్మినళ్ల మీదే.

– ముందుగా పంపాల్సింది ‘నువ్వెవరు’ అని పరికరాన్ని అడిగే కమాండ్: స్టార్ ఐడీఎన్, చివర ప్రశ్న గుర్తుతో (*IDN?). తయారీ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వివరాలు వస్తాయి. టేబుల్ మీద ఒకేలాంటి సప్లైలు రెండుంటే సీరియల్ నంబర్ సరిచూడాల్సిందే. పక్కవాళ్ల 5 వోల్టుల బోర్డుకు 30 వోల్టులు వెళ్తే ఇక గొడవే.

– కరెంట్ లిమిట్, ఓవర్ వోల్టేజ్ హద్దు పెట్టాకే ఔట్‌పుట్ ఆన్. ఎస్‌సీపీఐ (ఇలాంటి ల్యాబ్ పరికరాలకు పంపే కమాండ్ల భాష) కమాండ్లలో ఎంవీ అంటే మిల్లీవోల్టు, ఎంహెచ్‌జెడ్ అంటే మాత్రం మెగాహెర్ట్జ్! ఈ తిరకాసు మనకెందుకు? అర ఆంపియర్ కావాలంటే యూనిట్ లేకుండా 0.5 అని రాయండి.

– ప్రశ్న అడిగాక జవాబు చదవాలి. చదవకుండా ఇంకో కమాండ్ పంపితే మైనస్ 410 ఎర్రర్ (జవాబు చదవకముందే అడ్డుపడ్డారని) రావచ్చు. సున్నా (ఎర్రర్ లేదని అర్థం) వచ్చేదాకా ఎర్రర్లన్నీ చదివేయండి.

– సప్లైని లాన్‌లో (నెట్‌వర్క్‌లో) పెడితే కాలేజీ వైఫైకి కలపకండి. చాలా పరికరాలు 5025 పోర్టులో (నెట్‌వర్క్ నుంచి కమాండ్లు తీసుకునే ద్వారం) పాస్‌వర్డ్ అడగవు.

– కరెంటు పోయి వచ్చిందా (ఎండాకాలం మామూలే)? పాత సెట్టింగులు ఉంటాయనుకోవద్దు, మళ్లీ మొదటి నుంచి.